రిబేటు వెనక షరతు: ఇంటెల్‌పై పోటీ చట్టం కేసులు

1981 ఆగస్టు 12న ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో ఇంటెల్ కంపెనీ తయారీ 8088 మైక్రోప్రాసెసర్ ఉంది. ఆ చిప్‌ను ఎంచుకున్నప్పుడు ఐబీఎం ఒక షరతు పెట్టింది: అదే చిప్‌ను తయారుచేసి ఇవ్వగల రెండో కంపెనీ కూడా ఉండాలి. అప్పటి చిప్‌ల వ్యాపారంలో ఇది మామూలు ఆనవాయితీ. ఒక ఫ్యాక్టరీలో సరుకు వరసగా పాడైనా, సమ్మె జరిగినా, నిప్పంటుకున్నా కొనుగోలుదారు పని ఆగిపోకూడదు. అందుకని ఇంటెల్ తన డిజైన్‌ను ఇతరులకు లైసెన్సుగా ఇవ్వక తప్పలేదు. అలా 8088 చెందిన 8086 కుటుంబపు చిప్‌ల తయారీలోకి వచ్చిన కంపెనీల్లో అడ్వాన్స్‌డ్ మైక్రో డివైసెస్, అంటే ఏఎండీ, ఒకటి. తరవాత నలభై ఏళ్లు సాగిన వ్యాజ్యాలకు మూలం ఈ ఏర్పాటులోనే ఉంది. ఈ మార్కెట్లో ఇంటెల్‌కు ఒక పోటీదారు మిగలడానికి కారణం ఏ చట్టమూ కాదు, ఒక పెద్ద కొనుగోలుదారు పడిన ముందుజాగ్రత్త.

రెండు కంపెనీలదీ ఒకే పుట్టిల్లు. రాబర్ట్ నాయిస్, గోర్డన్ మూర్ ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ నుంచి బయటికి వచ్చి 1968 జులైలో ఇంటెల్‌ను స్థాపించారు. అదే ఫెయిర్‌చైల్డ్‌లో అమ్మకాలు చూసిన జెర్రీ శాండర్స్ మరికొందరితో కలిసి 1969 మే 1న ఏఎండీ పెట్టారు. 1976లో పేటెంట్లు పరస్పరం వాడుకునే ఒప్పందం, 1982లో పదేళ్లపాటు సాంకేతిక సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం రెండింటి మధ్యా కుదిరాయి. 80286 చిప్ వరకు ఏఎండీ వాటి ప్రకారమే తయారుచేసి అమ్ముకుంది.

ఈలోగా ఇంటెల్ చిప్‌కు మరే సరుకుకూ లేని బలం వచ్చి చేరింది. ప్రతి ప్రాసెసర్‌కూ తనదైన ఆదేశాల భాష ఒకటి ఉంటుంది. ఒక ప్రాసెసర్ కోసం తయారైన ప్రోగ్రాము మరో భాష మాట్లాడే ప్రాసెసర్‌పై నడవదు. ఐబీఎం కంప్యూటర్‌కూ, దాన్ని చూసి డజన్ల కంపెనీలు తయారుచేసిన నకళ్లకూ వేల సంఖ్యలో సాఫ్ట్‌వేర్లు పుట్టుకొచ్చాయి. అవన్నీ 8086 భాషలోనే ఉన్నాయి. ఎక్స్86 అనే పేరుతో స్థిరపడిన ఆ భాషను వదిలేయడమంటే, ఆఫీసులు అప్పటిదాకా కొనుక్కున్న సాఫ్ట్‌వేర్లన్నీ వదిలేయడమే. కొత్తగా పోటీకి దిగాలనుకునే కంపెనీ ఆ భాష తెలిసిన చిప్‌నే చేయాలి. దానికి ఇంటెల్ పేటెంట్ల అడ్డు ఉంది, ఫ్యాక్టరీకి వందల కోట్ల డాలర్ల పెట్టుబడి కావాలి. పోటీదారుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉండటానికి ఈ రెండే కారణాలు.

1985 అక్టోబరులో 80386 వచ్చినప్పుడు ఇంటెల్ పాత ఆనవాయితీకి స్వస్తి చెప్పింది. మెమరీ చిప్‌ల వ్యాపారంలో జపాన్ కంపెనీల ధాటికి తట్టుకోలేక అదే ఏడాది ఇంటెల్ ఆ రంగం నుంచి తప్పుకుంది. మిగిలిన ప్రాసెసర్ల వ్యాపారాన్ని ఎవరితోనూ పంచుకునే ఉద్దేశం దానికి లేదు. 386 తయారీ వివరాలు ఏఎండీకి ఇవ్వలేదు. కాంపాక్ అనే కంప్యూటర్ కంపెనీ 1986లో 386 కంప్యూటర్‌ను ఐబీఎం కంటే ముందే అమ్మడం మొదలుపెట్టాక, రెండో సరఫరాదారు కావాలని పట్టుబట్టే ఐబీఎం మాటకూ విలువ తగ్గింది. ఏఎండీ 1987లో మధ్యవర్తిత్వానికి వెళ్లింది. మధ్యవర్తి 1992లో ఏఎండీకి కోటి డాలర్లతో పాటు, 386కు సంబంధించిన మేధో హక్కులను రాయల్టీ లేకుండా వాడుకునే వీలు కల్పించాడు. కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1994లో ఆ తీర్పును నిలబెట్టింది. ఈ లోపలే, 1991లో, ఏఎండీ తన సొంత 386ను మార్కెట్లోకి దించింది. అప్పటికి 386 మొదట వచ్చి అయిదేళ్లు దాటింది. చిప్‌ల వ్యాపారంలో అయిదేళ్లంటే ఒక తరం. పాత గొడవలన్నీ రెండు కంపెనీలూ 1995 జనవరిలో రాజీతో ముగించుకున్నాయి.

386 అనేది వట్టి అంకె కాబట్టి దాన్ని ట్రేడ్‌మార్కుగా కాపాడుకోవడం కుదరదని కోర్టు తేల్చడంతో ఇంటెల్ మరో దారి పట్టింది. 1991లో 'ఇంటెల్ ఇన్‌సైడ్' ప్రచారం మొదలైంది, 1993లో వచ్చిన చిప్‌కు 586 అని కాక పెంటియమ్ అని పేరు పెట్టారు. ప్రచారం అనగానే గుర్తొచ్చేది కంప్యూటర్ డబ్బా మీది స్టిక్కరూ, టీవీలో వినిపించే స్వరాలూ. వ్యాపారపరంగా అసలు విషయం వేరే ఉంది. ఒక కంప్యూటర్ కంపెనీ తన ప్రకటనలో ఇంటెల్ గుర్తు వేస్తే, ఆ కంపెనీ కొన్న చిప్‌ల విలువను బట్టి ప్రకటన ఖర్చులో కొంత ఇంటెల్ భరించేది. చిప్‌లు కొన్న కంపెనీకి చిప్‌లు అమ్మిన కంపెనీ నుంచే క్రమం తప్పకుండా డబ్బు తిరిగి రావడం ఇలా అలవాటైంది. కంప్యూటర్ అమ్మితే మిగిలే లాభం చాలా తక్కువ. ఆ కంపెనీలకు ఈ డబ్బు మెల్లగా అదనపు ఆదాయం స్థాయి దాటి ఊతకర్ర అయింది. తరవాతి కేసుల్లో చాలావరకు ఈ ఊతకర్ర చుట్టూ తిరిగినవే.

అమెరికాలో గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే చట్టాలు పాతవి. షెర్మన్ చట్టం 1890 నాటిది, క్లేటన్ చట్టమూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చట్టమూ 1914 నాటివి. ఒక కంపెనీ పెద్దది కావడం, మార్కెట్లో ఎనభై శాతం సంపాదించడం వీటి దృష్టిలో నేరం కాదు. మంచి సరుకుతో ఎదిగితే అది న్యాయమైన ఫలితమే. ఎదిగిన తరవాత ఆ బలంతో ఇతరుల దారి మూసేయడమే తప్పు. రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం ప్రతి కేసులోనూ మళ్లీ మొదటి నుంచి వాదించుకోవలసిందే. ట్రేడ్ కమిషన్ 1991లో ఇంటెల్‌పై తొలి విచారణ మొదలుపెట్టి, 1993లో ఏ చర్యా లేకుండా మూసేసింది.

రెండోసారి సంగతి డబ్బుకు సంబంధించింది కాదు, సమాచారానికి సంబంధించింది. కొత్త ప్రాసెసర్ మార్కెట్లోకి రావడానికి నెలల ముందే దాని సాంకేతిక వివరాలు కంప్యూటర్ తయారీదారులకు అందాలి. అవి లేకపోతే బోర్డు డిజైన్ చేయలేరు, పోటీ కంపెనీల కంప్యూటర్లు అంగళ్లకు చేరేసరికి వీళ్లు ఇంకా ప్రయోగశాలలోనే ఉంటారు. 1997 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తన ఆల్ఫా ప్రాసెసర్ పేటెంట్లను పెంటియమ్‌లో వాడుకున్నారని ఇంటెల్‌పై దావా వేసింది. అదే ఏడాది అలబామాలోని ఇంటర్‌గ్రాఫ్ కూడా పేటెంట్ల గురించే కోర్టుకెక్కింది. కాంపాక్‌తోనూ ఇలాంటి తగాదాయే ఉంది. ఈ మూడు కంపెనీలకూ ఇంటెల్ ముందస్తు సమాచారం ఆపేసిందని ట్రేడ్ కమిషన్ 1998 జూన్‌లో ఆరోపణ పత్రం దాఖలు చేసింది. నా మీద కేసు వేస్తే నీ వ్యాపారమే ఆగిపోతుంది అన్న భయం పరిశ్రమలో పాతుకుంటే, ఇంటెల్‌కు పోటీగా కొత్త ఆవిష్కరణలు చేసే సాహసం ఎవరికీ ఉండదన్నది కమిషన్ వాదన.

ఇదే కాలంలో మైక్రోసాఫ్ట్‌పై అమెరికా ప్రభుత్వ కేసు నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ కోర్టు విచారణలో పోరాడి పరువు పోగొట్టుకుంది. ఇంటెల్ అలా చేయలేదు. కంపెనీ అధిపతిగా ఉన్న కాలంలో ఆండీ గ్రోవ్ ఉద్యోగులకు పోటీ చట్టం గురించి పదేపదే శిక్షణ ఇప్పించారు, ఏ మాట ఎక్కడ అనకూడదో నేర్పించారు. 1999 మార్చిలో, విచారణ మొదలయ్యే ముందు, కంపెనీ రాజీకి వచ్చింది. పేటెంట్ తగాదా ఉందన్న కారణంతో కొనుగోలుదారులకు సమాచారం ఆపబోనని, ఆ కొనుగోలుదారు తన చిప్‌ల అమ్మకాన్నే నిలిపేయమని కోర్టును కోరనంతవరకు ఈ మాటకు కట్టుబడి ఉంటానని ఒప్పుకుంది. ఆ ఆదేశం పదేళ్లు అమల్లో ఉంది. ఇంటర్‌గ్రాఫ్ సొంతంగా వేసిన కేసులో జిల్లా కోర్టు 1998లో ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వును పై కోర్టు 1999 నవంబరులో కొట్టేసింది. ఒకే పనిపై ఒక చోట రాజీ, మరో చోట నిర్దోషిత్వం. పోటీ చట్టం ఎంత అనిశ్చితమైనదో దీన్నిబట్టే తెలుస్తుంది.

అసలు పోటీ మాత్రం అప్పుడే రాజుకుంటోంది. పెంటియమ్ రూపకల్పనలో ముఖ్యుడైన పుణెలో పుట్టిన వినోద్ ధామ్ 1995లో ఇంటెల్‌ను వదిలి నెక్స్‌జెన్ అనే చిన్న కంపెనీలో చేరారు. ఆ కంపెనీని ఏఎండీ కొనేసింది. నెక్స్‌జెన్ డిజైన్ ఆధారంగా 1997లో కె6 చిప్ వచ్చింది. 1999లో వచ్చిన అథ్లాన్‌తో ఏఎండీకి మొదటిసారి ఇంటెల్‌తో వేగంలో సమఉజ్జీ అన్న పేరు దక్కింది. 2000 మార్చిలో ఒక గిగాహెర్ట్జ్ వేగాన్ని ఇంటెల్ కంటే రెండు రోజుల ముందు అందుకుంది కూడా. 2003 ఏప్రిల్‌లో వచ్చిన ఆప్టెరాన్ ఇంకా పెద్ద దెబ్బ. పాత సాఫ్ట్‌వేర్లన్నీ నడుపుతూనే 64 బిట్ల లెక్కలు చేయగల సర్వర్ చిప్ అది. ఇంటెల్ అప్పటికే కోట్ల డాలర్లు పోసి చేసిన 64 బిట్ల చిప్ ఇటానియమ్‌కు పాత సాఫ్ట్‌వేర్లతో పొసగలేదు. 2004లో ఇంటెల్ తన చిప్‌లలోనూ ఏఎండీ రూపొందించిన 64 బిట్ల పద్ధతినే అనుసరించవలసి వచ్చింది. ఒకప్పుడు ఇంటెల్ డిజైన్‌ను నకలు చేసుకుని బతికిన కంపెనీ వెనకే ఇంటెల్ నడిచిన సందర్భమిది.

సరుకు మెరుగైనప్పుడు అమ్మకాలు పెరగాలి. పెద్ద కంప్యూటర్ కంపెనీల దగ్గర మాత్రం ఏఎండీ వాటా పెరగలేదు, కొన్నిచోట్ల తగ్గింది. డెల్ అయితే ఒక్క ఏఎండీ చిప్ కూడా కొనలేదు. ఎందుకన్న ప్రశ్నకు జవాబు రిబేటు లెక్కలో ఉంది. ఈ లెక్క అర్థమైతే తరవాతి పాతికేళ్ల కేసులన్నీ అర్థమవుతాయి.

ఒక కంప్యూటర్ కంపెనీకి 100 చిప్‌లు కావాలనుకుందాం. అందులో 80 ఎలాగూ ఇంటెల్‌వే కొనాలి. వాటిని అడిగే ఖాతాదారులున్నారు, పైగా అన్ని చిప్‌లు చేసి ఇచ్చే ఫ్యాక్టరీలు ఏఎండీకి లేవు. పోటీకి నిజంగా అందుబాటులో ఉన్నవి మిగిలిన 20 మాత్రమే. ఇంటెల్ చిప్ ధర 10,000 రూపాయలు, మొత్తం తన దగ్గరే కొంటే ఒక్కోదానికి 1,000 చొప్పున రిబేటు అనుకుందాం. నూరు చిప్‌లకూ కలిపి లక్ష రూపాయలు వెనక్కి వస్తాయి. ఆ కంపెనీ 20 చిప్‌లు ఏఎండీ దగ్గర కొంటే పోయేది ఆ 20 చిప్‌ల మీది రిబేటు ఒక్కటే కాదు, మొత్తం లక్షా పోతుంది. ఆ లక్షను పూడ్చాల్సిన భారం ఏఎండీ అమ్మే 20 చిప్‌ల మీద పడుతుంది, అంటే ఒక్కోదానికి 5,000. ఇంటెల్ రిబేటు పది శాతమే, దానితో సమానంగా నిలబడటానికి ఏఎండీ ఇవ్వాల్సిన తగ్గింపు మాత్రం యాభై శాతం. ఇంటెల్ ధరను ఏ ఒక్క చిప్ మీదా ఖర్చు కంటే కిందికి దించనక్కర లేదు, పోటీదారుకు మాత్రం గిట్టుబాటు కాని పరిస్థితి వస్తుంది. ఊరి కిరాణా కొట్టుకు కూల్‌డ్రింకు కంపెనీ ఉచితంగా ఫ్రిజ్ ఇచ్చి, అందులో వేరే కంపెనీ సీసా పెట్టొద్దని చెప్పడం అందరికీ తెలిసిన సంగతే. కొట్టులో రెండో ఫ్రిజ్‌కు చోటుండదు. ఇక్కడి పని అదే, లెక్క మాత్రం కోట్ల డాలర్లలో.

చట్టానికి చిక్కంతా కూడా ఇక్కడే ఉంది. గుత్తాధిపతి ధర పెంచితే తప్పు పట్టడం తేలిక. ధర తగ్గిస్తే? తగ్గింపు వినియోగదారుకు మేలే కదా అని ఏ న్యాయమూర్తికైనా అనిపిస్తుంది. తగ్గింపు లోపల దాగిన షరతును బయటికి లాగి, దానివల్ల రేపటి ధర పెరుగుతుందని నిరూపించాలి. రిబేట్ల షరతులు కాగితం మీద ఉండేవి కావు. చాలావరకు నోటిమాటగానే సాగాయి.

ఆ షరతులను మొదట పట్టుకున్నది జపాన్. అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2004 ఏప్రిల్‌లో ఇంటెల్ జపాన్ కార్యాలయాల్లో సోదాలు చేసి, 2005 మార్చిలో తన నిర్ధారణలు ప్రకటించింది. ఐదు కంప్యూటర్ కంపెనీలకు ఇంటెల్ రిబేట్లు ఇచ్చింది, బదులుగా కొన్ని వంద శాతం, కొన్ని తొంభై శాతం ఇంటెల్ చిప్‌లే వాడాలి, లేదా బాగా అమ్ముడయ్యే శ్రేణుల్లో వేరే చిప్ పెట్టకూడదు. జపాన్ మార్కెట్లో ఏఎండీ, ట్రాన్స్‌మెటా కంపెనీల ఉమ్మడి వాటా 2002లో 24 శాతం దాకా ఉంటే, 2003కల్లా 11 శాతానికి పడిపోయింది. కమిషన్ జరిమానా వేయలేదు, ఆ పని మానుకోమని సిఫార్సు చేసింది. ఇంటెల్ నిర్ధారణలతో ఏకీభవించడం లేదంటూనే సిఫార్సును అంగీకరించింది.

జపాన్ నివేదిక ఇచ్చిన ధైర్యంతో ఏఎండీ 2005 జూన్ 27న డెలావేర్ ఫెడరల్ కోర్టులో ఇంటెల్‌పై భారీ దావా వేసింది. మూడు ఖండాల్లోని 38 కంపెనీల పేర్లు అందులో ఉన్నాయి. ఆ దావాలో జనం నోళ్లలో నానిన ఉదంతం హెచ్‌పీది. ఏఎండీ పది లక్షల చిప్‌లు ఉచితంగా ఇస్తానంటే హెచ్‌పీ లక్షా అరవై వేలు మాత్రమే తీసుకుందట. ఉచితంగా వచ్చే సరుకును వద్దనుకోవడం మామూలుగా ఎక్కడా జరగదు. పై లెక్క తెలిస్తే మాత్రం ఇందులో వింతేమీ లేదు: ఉచిత చిప్‌ల విలువ కంటే పోయే రిబేటు విలువ ఎక్కువ. విచారణ సాగుతుండగా 2007లో ఇంటెల్ తాను భద్రపరచాల్సిన కొన్ని ఈమెయిళ్లు పోయాయని కోర్టుకు చెప్పుకోవలసి వచ్చింది.

ఐరోపాలో ఏఎండీ ఫిర్యాదు ఇంకా పాతది, 2000 అక్టోబరు నాటిది. యూరోపియన్ కమిషన్ 2005 జులైలో సోదాలు చేసింది, 2007లో ఒకటి, 2008లో మరొకటి ఆరోపణ పత్రాలు ఇచ్చింది, 2009 మే 13న 106 కోట్ల యూరోల జరిమానా విధించింది. అప్పటికి ఐరోపా పోటీ చట్టం కింద ఒక కంపెనీపై పడిన జరిమానాల్లో అదే అతి పెద్దది. నిర్ణయాన్ని ప్రకటించింది పోటీ వ్యవహారాల కమిషనర్ నీలీ క్రోస్.

ఆ నిర్ణయంలోని వివరాలు మొత్తం చరిత్రలోకెల్లా విలువైనవి, కారణం అవి కంపెనీల లోపలి ఉత్తరాల నుంచి తీసినవి. 2002 డిసెంబరు నుంచి మూడేళ్లపాటు డెల్‌కు రిబేట్లు అందాయి, పూర్తిగా ఇంటెల్ చిప్‌లే వాడాలన్నది షరతు. హెచ్‌పీ ఆఫీసు డెస్క్‌టాప్‌లలో 95 శాతం ఇంటెల్‌వి ఉండాలి. ఎన్‌ఈసీకి 80 శాతం. లెనోవో 2007లో ల్యాప్‌టాప్‌లన్నిటిలోనూ ఇంటెల్‌నే వాడాలి. జర్మనీ కేంద్రంగా నడిచే మీడియా శాటర్న్ దుకాణాల గొలుసుకు ఇంటెల్ నేరుగా డబ్బు చెల్లించింది, ఇంటెల్ చిప్‌లున్న కంప్యూటర్లే అమ్మమని. అంటే తయారీదారును దాటినా అంగడి దగ్గర ఇంకో తలుపు మూసి ఉంది.

రిబేట్ల కంటే సూటిగా ఉన్న చెల్లింపులు మరికొన్ని. ఫలానా కంప్యూటర్‌ను ఆలస్యం చేయడానికో, ఫలానా మార్గంలో అమ్మకుండా ఉండటానికో ఇచ్చినవి. హెచ్‌పీ ఏఎండీ చిప్‌తో చేసిన ఆఫీసు కంప్యూటర్‌ను ఐరోపాలో ఆరు నెలలు ఆలస్యంగా తేవాలి, చిన్న సంస్థలకూ ప్రభుత్వ, విద్యా సంస్థలకూ తప్ప పెద్ద కంపెనీలకు చూపకూడదు, డిస్ట్రిబ్యూటర్ల ద్వారా అమ్మకూడదు. ఏసర్ తన ఏఎండీ ల్యాప్‌టాప్‌ను 2003 సెప్టెంబరు నుంచి 2004 జనవరికి జరిపింది. లెనోవో కూడా 2006లో ఇలాగే వాయిదా వేసింది. ఏఎండీకి అయిదు శాతమే అన్న పరిమితి తమపై ఉందని తమ బృందాలకు గానీ ఏఎండీకి గానీ తెలియనివ్వొద్దని హెచ్‌పీ అధికారి ఒకరు తోటివారిని హెచ్చరించిన ఈమెయిల్ కూడా దొరికింది. ధర తగ్గించి గెలిచే పోటీలో ఇంత గోప్యత అక్కర లేదు. సరుకు బయటికే రాకుండా ఆపడానికి డబ్బివ్వడం తగ్గింపు అనే మాటకు ఏ అర్థంలోనూ సరిపోదు.

దక్షిణ కొరియా 2008 జూన్‌లో ఇంటెల్‌కు సుమారు 2,600 కోట్ల వన్‌ల జరిమానా వేసింది. సామ్‌సంగ్, ట్రైజెమ్ కంపెనీలకు ఏఎండీ చిప్‌లు కొనకూడదన్న షరతుతో రిబేట్లు ఇచ్చిందన్నది నేరం. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆండ్రూ కూమో 2009 నవంబరులో వేసిన దావా 2012లో 65 లక్షల డాలర్ల స్వల్ప మొత్తానికి రాజీ అయింది.

రిబేటు ఎంత లోతుకు పాతుకుందో బయటపెట్టింది అసలు పోటీ చట్టం కేసే కాదు. 2010 జులైలో అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ డెల్‌పై లెక్కల విషయమై చర్య తీసుకుంది. ఇంటెల్ నుంచి వచ్చే చెల్లింపుల సంగతి మదుపర్లకు చెప్పకుండా, తమ నైపుణ్యంతోనే లాభాలు వస్తున్నట్టు చూపారన్నది ఆరోపణ. ఆ పత్రం ప్రకారం డెల్ నిర్వహణ లాభంలో ఇంటెల్ చెల్లింపుల వాటా 2003 ఆర్థిక సంవత్సరంలో 10 శాతం, 2006లో 38 శాతం, 2007 ఆర్థిక సంవత్సరం మొదటి త్రైమాసికంలో ఏకంగా 76 శాతం. ప్రపంచంలోని అతి పెద్ద కంప్యూటర్ కంపెనీల్లో ఒకటి నూరు రూపాయలు సంపాదిస్తే అందులో 76 ఇంటెల్ చేతి నుంచి వచ్చినవే. 2006లో డెల్ ఏఎండీ చిప్‌లు కూడా వాడతానని ప్రకటించాక ఆ చెల్లింపులు పడిపోయాయి, లాభాలూ దిగాయి. తప్పు ఒప్పుకోకుండానే డెల్ 10 కోట్ల డాలర్లు కట్టింది.

2009 నవంబరు 12న ఇంటెల్ ఏఎండీకి 125 కోట్ల డాలర్లు చెల్లించి అన్ని దావాలూ ముగించుకుంది, పేటెంట్ ఒప్పందం కూడా పునరుద్ధరించుకుంది. దానితో తగాదా చల్లారుతుందని అనుకున్నవాళ్లకు నిరాశే ఎదురైంది, నెల తిరిగిన కొద్ది రోజులకే, డిసెంబరు 16న, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొత్త ఆరోపణ పత్రం వేసింది. అందులో రిబేట్లతో పాటు ఎవరూ ఊహించని ఒక అంశం ఉంది: కంపైలర్.

ప్రోగ్రామర్ రాసిన వాక్యాలను చిప్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేరే కంపైలర్. ఇంటెల్ తన కంపైలర్‌ను కూడా అమ్మేది. ప్రతి ఎక్స్86 చిప్‌లోనూ తయారీదారు పేరు చెప్పే ముద్ర ఒకటి ఉంటుంది. ఇంటెల్ చిప్‌ను అడిగితే 'జెన్యూన్ ఇంటెల్' అనీ, ఏఎండీ చిప్‌ను అడిగితే 'అథెంటిక్ ఏఎండీ' అనీ జవాబిస్తుంది. ఇంటెల్ కంపైలర్‌తో తయారైన ప్రోగ్రాము నడిచే ముందు ఆ ముద్రను చూసుకుని, ఇంటెల్ కాకపోతే నెమ్మదైన దారిలోకి మళ్లేది. వేగంగా నడవగల సామర్థ్యం ఏఎండీ చిప్‌కు ఉన్నా సరే. దాంతో చిప్‌ల వేగాన్ని పోల్చే పరీక్షల్లో కూడా ఏఎండీ వెనకబడినట్టు కనిపించేది. ప్రోగ్రామర్‌కు గానీ కంప్యూటర్ కొన్నవారికి గానీ సంగతి తెలిసే అవకాశమే లేదు. 2010 ఆగస్టులో కుదిరిన రాజీలో ఇంటెల్ తన కంపైలర్ ఇతర చిప్‌లపై అంతే బాగా పనిచేయకపోవచ్చని బహిరంగంగా చెప్పాలనీ, నష్టపోయిన సాఫ్ట్‌వేర్ సంస్థల కోసం కోటి డాలర్ల నిధి పెట్టాలనీ కమిషన్ ఆదేశించింది. ఒకరి దగ్గరే కొనాలన్న షరతుతో లాభాలు ఇవ్వడాన్నీ నిషేధించింది. గ్రాఫిక్ చిప్‌లు ప్రాసెసర్‌కు కలిసే పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గాన్ని ఆరేళ్లపాటు మూయకూడదని చెప్పింది. గ్రాఫిక్ చిప్‌ల కంపెనీ ఎన్విడియాకు ఇంటెల్‌తో ఉన్న వేరే తగాదా 2011 జనవరిలో 150 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది.

ఇంటెల్ వాదన మొదటి నుంచీ ఒకటే: ఏఎండీ వెనకబాటుకు కారణం ఏఎండీయే. ఈ మాటలో నిజం లేకపోలేదు. మంచి చిప్‌లున్న రోజుల్లో కూడా ఏఎండీ దగ్గర సరిపడా ఫ్యాక్టరీలు లేవు. 2006లో గ్రాఫిక్ చిప్‌ల కంపెనీ ఏటీఐని 540 కోట్ల డాలర్లు పోసి కొని అప్పుల్లో కూరుకుపోయింది. 2007లో నాలుగు కోర్ల సర్వర్ చిప్ ఆలస్యమైంది, దోషాలతో వచ్చింది. అదే సమయానికి ఇంటెల్ కోర్ శ్రేణి చిప్‌లు నిజంగానే మెరుగయ్యాయి. 2009కల్లా ఏఎండీ తన ఫ్యాక్టరీలనే వేరు చేసి, అబుధాబి పెట్టుబడితో ఏర్పడిన గ్లోబల్ ఫౌండ్రీస్‌కు అప్పగించింది. అయితే, ఫ్యాక్టరీలు కట్టడానికి డబ్బు కావాలి, డబ్బు రావాలంటే మంచి చిప్ ఉన్న రెండు మూడేళ్లలోనే అమ్మకాలు జరగాలి. 2003 నుంచి 2005 దాకా తలుపులు మూసి ఉన్నప్పుడు పోయిన అమ్మకాలు తరవాతి బలహీనతకు ఎంత కారణమో ఏ కోర్టూ లెక్కకట్టలేదు. ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఏఎండీ స్వయంకృతం అనేయడం న్యాయం కాదు.

ఐరోపా జరిమానా కథ అక్కడితో ఆగలేదు. ఇంటెల్ అప్పీలును 2014 జూన్‌లో జనరల్ కోర్టు పూర్తిగా తోసిపుచ్చింది. ఆధిపత్యం ఉన్న కంపెనీ తన దగ్గరే కొనాలన్న షరతుతో రిబేటు ఇస్తే అది తన స్వభావం చేతనే చట్టవిరుద్ధమని, ప్రభావాన్ని విడిగా కొలవనక్కర లేదని చెప్పింది. 2017 సెప్టెంబరులో ఐరోపా అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును పక్కనపెట్టింది. ఇంటెల్ అంత సమర్థంగా పనిచేసే పోటీదారు కూడా ఆ రిబేట్ల ముందు నిలవలేడా అన్న లెక్కను కమిషన్ తన నిర్ణయంలో వేసింది కాబట్టి, ఆ లెక్కపై ఇంటెల్ అభ్యంతరాలను పరిశీలించాల్సిందేనంది. కేసు మళ్లీ కింది కోర్టుకు వెళ్లింది. 2022 జనవరి 26న జనరల్ కోర్టు కమిషన్ లెక్క అసంపూర్ణమనీ తప్పులున్నాయనీ తేల్చి, 106 కోట్ల జరిమానాను రద్దు చేసింది. కమిషన్ చేసుకున్న అప్పీలును 2024 అక్టోబరు 24న అత్యున్నత న్యాయస్థానం కొట్టేసింది. ఫిర్యాదు అందిన 24 ఏళ్లకు రిబేట్ల విషయంలో ఇంటెల్ గెలిచింది.

హెచ్‌పీ, ఏసర్, లెనోవో కంప్యూటర్లను ఆపడానికి ఇచ్చిన సూటి చెల్లింపులపై మాత్రం కమిషన్ నిర్ధారణ చెక్కుచెదరలేదు. 2023 సెప్టెంబరు 22న ఆ భాగానికే మళ్లీ 37.6 కోట్ల యూరోల జరిమానా వేసింది. దానిమీదా ఇంటెల్ కోర్టుకు వెళ్లింది. రెండు దశాబ్దాల వాదనల్లో తేలింది ఇంతే: సరుకును ఆపమని డబ్బిస్తే అది తప్పు, లెక్క అక్కర లేదు. నా సరుకే కొనమని డబ్బిస్తే అది తప్పో ఒప్పో చెప్పడానికి లెక్క కావాలి, ఆ లెక్క వేయడం చాలా కష్టం.

భారతదేశంలో ఆధిపత్య దుర్వినియోగానికి సంబంధించిన నిబంధనలు 2002 పోటీ చట్టంలో ఉన్నా, అమల్లోకి వచ్చింది 2009 మేలో. 2011లో ఈసిస్ అనే డిస్ట్రిబ్యూటర్ సంస్థ ఇంటెల్ షరతులపై ఫిర్యాదు చేసింది. కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపించి, దుర్వినియోగం రుజువు కాలేదని 2014 జనవరిలో కేసు మూసేసింది. 2019లో మరో ఫిర్యాదుపై విచారణకు ఆదేశించింది. ఇది కొట్లలో విడి భాగాలు కొని కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునే వారికి నేరుగా తగిలిన సంగతి. 2016లో ఇంటెల్ తన వారంటీ విధానాన్ని మార్చి, డబ్బాలో వచ్చే ప్రాసెసర్‌ను భారత్‌లోని అధీకృత డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొంటేనే ఇక్కడ వారంటీ ఇస్తానంది. విదేశాల నుంచి అసలైన చిప్‌నే తక్కువ ధరకు తెప్పించి అమ్మే వ్యాపారికి దీంతో దారి ఇరుకైంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లలో ఆ రోజుల్లో ఒకే చిప్‌కు రెండు ధరలు వినిపిస్తే, వారంటీ ఎవరిదన్న ప్రశ్న ఆ తేడాకు మూలం అయ్యే వీలుండేది.

ఈ కేసులు నడుస్తుండగానే మార్కెట్ రూపు మారిపోయింది. కోట్ల సంఖ్యలో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లు దాదాపు అన్నీ ఎక్స్86 భాష కాక ఆర్మ్ భాష మాట్లాడతాయి. అక్కడ ఇంటెల్ నిలదొక్కుకోలేకపోయింది. ఏఎండీ 2017లో జెన్ డిజైన్‌తో లేచి నిలబడింది, తైవాన్‌లోని టీఎస్ఎంసీ ఫ్యాక్టరీల్లో చిప్‌లు చేయించుకుంటూ సర్వర్లలో వాటా సంపాదించింది. యాపిల్ 2020లో మ్యాక్ కంప్యూటర్ల నుంచి ఇంటెల్‌ను తీసేయడం మొదలుపెట్టింది. 2022లో ఏఎండీ మార్కెట్ విలువ ఇంటెల్‌ను దాటింది. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఇంటెల్‌లో సుమారు పది శాతం వాటా తీసుకుంది. నియంత్రణ సంస్థల చూపు కృత్రిమ మేధ చిప్‌లలో ఆధిపత్యం సంపాదించిన ఎన్విడియా వైపు మళ్లింది. 2024 డిసెంబరులో చైనా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎన్విడియాపై విచారణ ప్రకటించింది. 2020లో మెల్లనాక్స్ కంపెనీ కొనుగోలుకు అనుమతిస్తూ తాము పెట్టిన షరతులను ఎన్విడియా పాటించిందా లేదా అన్నది ఆ విచారణలోని ప్రశ్న.